నల్లశంఖానికి లొంగని ఊపిరి

తూర్పున హంసగిరి శిఖరాల మీద పొద్దు పొడిచింది. కొండ నెత్తిన పేరుకున్న మంచు కరిగి, రాతి పగుళ్ళ వెంట సన్నని వెండితీగల్లా జారుతోంది. కొండ నడుమున, ఏ కాలపు శిల్పులు తొలిచారో తెలియని ఏడు గుహలున్నాయి. గుహల ముంగిట పద్మాలు చెక్కిన రాతి స్తంభాలు, వాటిని అల్లుకున్న అడవిమల్లె తీగలు, ఆ పూల చుట్టూ ముసిరిన తేనెటీగలు లేత ఎండలో మిలమిలలాడుతున్నాయి. అంత సొగసునూ కన్నెత్తి చూసే తీరిక ఆ కొండ ఎక్కుతున్న ఇద్దరికీ లేదు.

ముందు ఎక్కుతున్నది రేవణి. మణిధర రాజ్యానికి రాజధాని అయిన శిలావతి నగరంలో, కమ్మరివాడలో పుట్టి, ఎనిమిదో ఏటి నుంచి తండ్రి కొలిమి దగ్గర తిత్తులు లాగుతూ పెరిగిన పిల్ల. చేతులు సమ్మెట పిడిలా గట్టివి, నోరు అంతకంటే గట్టిది. వెనక ఎక్కుతున్నవాడు ఆ రాజ్యానికి యువరాజు జయంతసేనుడు. ఎడమ భుజానికి బాణపు గాయం, కాళ్ళకు చెప్పులు లేవు, అయినా నడుముకున్న కత్తి పిడి మీది నుంచి చెయ్యి తియ్యలేదు. ఇద్దరూ మూడు రోజులుగా అడవి కాయలు తిని, వాగు నీళ్ళు తాగి పరుగు తీస్తున్నారు.

వాళ్ళను తరుముతున్నది మామూలు సేన కాదు. ఏడాది కిందట ఘూర్ణాక్షుడనే మాంత్రికుడు శిలావతికి వచ్చాడు. గిరగిర తిరిగే కళ్ళు, మోకాళ్ళ దాకా వేలాడే జడలు, చేతిలో ఒక నల్లశంఖం. ఆ శంఖాన్ని ఎవడి వైపు తిప్పి ఊదితే వాడి గుండె ఝల్లుమంటుంది. భయంతో ఊపిరి బిగబడతాడు, లేకపోతే రొప్పుతూ పరుగెత్తుతాడు. అదే అదనుగా అతని ఊపిరి శంఖానికి చిక్కిపోతుంది. ఇక ఆ మనిషి మాంత్రికుడు పీల్చమంటే పీలుస్తాడు, వదలమంటే వదులుతాడు, నరకమన్నవాణ్ణి నరుకుతాడు. మొదట రాజుగారే చిక్కారు. తరవాత కోట కాపలా దళం, ఆ తరవాత మొత్తం సేన. జనం వాళ్ళకు ఊపిరిబంట్లని పేరు పెట్టారు. వాళ్ళు వరసలో నిలబడితే వెయ్యి ఛాతీలు ఒక్కసారి లేచి ఒక్కసారి దిగుతాయి. ఆ వెయ్యిమందిలో రేవణి అన్న కేశన ఒకడు.

మాంత్రికుడు రాజుగారి చేత ఒక వింత శాసనం చాటింపు వేయించాడు. రాజ్యంలో ఎవరూ వెన్ను నిలిపి, కళ్ళు మూసి, కదలకుండా కూర్చోకూడదు. కూర్చున్నవాళ్ళ తల తీస్తారు. ఆ మరునాటి నుంచే కాషాయం కట్టిన భిక్షువులను ఊరూరా వెతికి పట్టుకుపోయారు. కారణం ఎవరికీ తెలియలేదు. రేవణి మాత్రం కొలిమి దగ్గర కూర్చుని ఆలోచించింది. దొంగ ఏ తలుపుకు భయపడతాడో ఆ తలుపు వెనకే కుక్క ఉంటుంది. హంసగిరి గుహల్లో ఒక ముసలి భిక్షుణి ఇంకా మిగిలి ఉందని విని, కోటలోంచి తప్పించుకొచ్చిన యువరాజును వెంటబెట్టుకుని బయలుదేరింది.

వాళ్ళు పైకి చేరేసరికి ఆ భిక్షుణి గుహ ముంగిలి ఊడుస్తోంది. పేరు ధమ్మిల థేరి, థేరి అంటే పెద్ద భిక్షుణి. ఎనభై దాటిన మనిషి. గుండు తల, వెలిసిపోయిన కాషాయం, ఎండిన తమలపాకులాంటి మొహం.

జయంతసేనుడు ఆమె ముందు మోకరిల్లాడు. "తల్లీ, నల్లశంఖాన్ని భగ్నం చేసే మంత్రం నాకు ఉపదేశించండి. ప్రతిఫలంగా ఈ కొండంత విహారం కట్టిస్తాను."

"నా దగ్గర మంత్రం లేదు నాయనా, చీపురుంది," అంది థేరి. "కొండ కింద గూడెం వాళ్ళు గంజి పెట్టి వెళ్ళారు. ముందు తాగండి."

గంజి తాగాక రేవణి అడిగింది. "అవ్వా, వాడు మీరంటే ఎందుకు భయపడుతున్నాడు?"

"నేనంటే వాడికి భయమేంటి? నేనేం చేస్తానని? పొద్దున్నా సాయంత్రమూ కూర్చుంటాను. ఊపిరి వస్తుంటే వస్తోందని తెలుసుకుంటాను, పోతుంటే పోతోందని తెలుసుకుంటాను. అంతే."

"అంతేనా?"

"అంతే. చెయ్యడం మొదలుపెడితే తెలుస్తుంది ఎంతో."

రేవణికి ఒళ్ళు మండింది. మూడు రోజులు ముళ్ళలో పడి పరుగెత్తింది ఈ మాట కోసమా అనుకుంది. అయినా థేరి ఎదురుగా బండ మీద కూర్చుంది, పట్టుదల కొద్దీ. థేరి చెప్పినట్టే వెన్ను నిలిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముక్కు కొన దగ్గర ఊపిరి తగిలే చోట మనసు నిలిపింది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. లోపలికి రెండు, బయటికి రెండు. మూడు దాటేలోగా శిలావతి కోట, నల్లశంఖం, ఆ గిరగిర తిరిగే కళ్ళు ఎదుట నిలిచాయి. పిడికిలి బిగిసింది.

"ఎవర్ని చంపుతున్నావు?" అంది థేరి కళ్ళు మూసుకునే.

రేవణి ఉలిక్కిపడింది. "ఘూర్ణాక్షుణ్ణి."

"సరే. చంపడం అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి."

ఆ రోజు పొద్దుగూకేలోగా రేవణి మాంత్రికుణ్ణి నలభైసార్లు చంపింది. ఒకసారి కొలిమిలో తోసింది, ఒకసారి సమ్మెటతో, ఒకసారి వట్టి చేతులతో. ప్రతిసారీ థేరి "ఒకటి నుంచి" అనేది. కసరదు, నవ్వదు. రెండో రోజుకు ఐదు దాకా లెక్క నిలిచింది. మూడో రోజు రేవణికి ఒక సంగతి తెలిసింది. కొలిమితిత్తి తను లాగితేనే గాలి ఊదుతుంది, ఈ తిత్తి ఎవరూ లాగకుండానే ఊదుతోంది. పుట్టినప్పటి నుంచీ పక్కనే ఉన్నదాన్ని ఇన్నేళ్ళకు చూడటం. ఎందుకో కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

జయంతసేనుడి దారి వేరు. అతను చిన్నప్పుడు గురుకులంలో ఊపిరి బంధించే విద్య నేర్చాడు. నూట ఇరవై లెక్కపెట్టేదాకా బిగబట్టగలడు. "నా ఊపిరి నా పిడికిలిలో ఉంది, ఏ శంఖం లాగుతుందో చూస్తాను," అన్నాడు.

"పిడికిలి బిగించేది ఎందుకు నాయనా? ఎవరో లాక్కుంటారనేగా?" అంది థేరి. "భయపడి పారిపోయే ఊపిరీ, భయపడి దాక్కునే ఊపిరీ అక్కాచెల్లెళ్ళు. వాడి శంఖానికి రెండూ ఒకటే."

యువరాజు మర్యాద కొద్దీ తలవంచాడు గాని మాట చెవికెక్కించుకోలేదు.

ఆరో రోజు ఉదయం లోయలోంచి శంఖనాదం వినిపించింది. తేనెటీగలు చెల్లాచెదరయ్యాయి. కొండ దారిలో రెండు వందల మంది ఊపిరిబంట్లు ఒకే అడుగుతో పైకి వస్తున్నారు. జయంతసేనుడు కత్తి దూసేలోగా థేరి చీపురు గోడకు చేరవేసి, ఇద్దరినీ ఏడో గుహ చివరనున్న నీటి సొరంగంలోకి నెట్టింది.

"ఇది అవతలి లోయలో తేలుతుంది. వెళ్ళండి."

"మీరో?" అంది రేవణి.

"నన్ను పట్టుకుంటే వాళ్ళు మిమ్మల్ని వెతకరు. ముసలిదాన్ని, పరుగెత్తలేను. నడవడానికైతే ఎక్కడికైనా నడుస్తాను, శిలావతికైనా సరే."

ఆమె బయటికి వెళ్ళి బంట్ల ఎదుట నిలబడింది. సేనాని మాంత్రికుడిచ్చిన నల్లశంఖపు ముక్క ఒకటి పెదవుల దగ్గర పెట్టి ముఖం మీదే ఊదాడు. థేరి రెప్ప కూడా వెయ్యలేదు. చివరికి గొలుసులు తెచ్చి ఆమె చేతులకు వేశారు. సొరంగపు పగులులోంచి రేవణి అదంతా చూసింది. గొలుసు పట్టుకుని ముందు నడుస్తున్నవాడు తన అన్న కేశన. అన్న కళ్ళలో తడి లేదు, వెలుగు లేదు.

"పౌర్ణమి మధ్యాహ్నం సింహద్వారం ముందు శిరచ్ఛేదం," అని సేనాని చాటాడు. పౌర్ణమికి ఇంక రెండు రోజులే ఉంది.

జయంతసేనుడు నిట్టూర్చాడు. "వాళ్ళకు కొండ కింద గుర్రాలున్నాయి. కాలినడకన మనకు రాచబాట నాలుగు రోజుల ప్రయాణం. మనం చేరలేం."

"పాశవనం గుండా అయితే ఒకటిన్నర రోజు," అంది రేవణి.

"పాశవనంలో అడుగుపెట్టి బయటపడినవాడు లేడు."

"ఆ మాట ఎవడు చెప్పాడు మరి, లోపల చచ్చినవాడా?" అని రేవణి ముందుకు నడిచింది.

పాశవనం చూపులకు ఇంద్రుడి ఉద్యానంలా ఉంది. ఆకాశాన్ని తాకే చెట్ల నిండా మోదుగల కంటే ఎర్రని పూలు, పూల మధ్య మనిషి తొడంత లావు తీగలు, తీగల మీద పచ్చని నిగనిగ. ఎక్కడా పిట్ట కూత లేదు. పదడుగులు వేశారో లేదో కుడివైపు తీగ ఒకటి పాములా జరజరా వచ్చి రేవణి నడుమును చుట్టేసింది. ఆమె గుండె దడదడలాడింది, నోరు తెరిచి గాలి గుక్కలు గుక్కలుగా మింగింది. ఎంత ఆయాసపడితే తీగ అంత బిగిసింది. పక్కటెముక ఒకటి పటుక్కుమంది.

అప్పుడు రేవణికి కొండ మీది బండ గుర్తొచ్చిందని కాదు. అలవాటు అంతకంటే ముందే పని చేసింది. ముక్కు కొన దగ్గర గాలి తగులుతోంది. అది చాలా చిన్న ఊపిరి, చిన్నదని తెలిసింది. ఒకటి. నొప్పి పుడుతోంది, నొప్పి అని తెలిసింది. రెండు. దాన్ని పొడుగు చెయ్యాలని ఆమె ప్రయత్నించలేదు. ఏడో లెక్కకు అదే మెల్లగా పొడుగైంది. తీగ ఏదో మరిచిపోయినట్టు సడలి, జారి, నేల మీద పడింది.

తిరిగి చూసేసరికి జయంతసేనుడు మెడ దాకా తీగల్లో ఉన్నాడు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు, ముఖం నల్లబడిపోతోంది. బిగబట్టిన కొద్దీ పదో తీగ, పదకొండో తీగ వచ్చి అల్లుకుంటున్నాయి.

"రాకుమారా, వదలండి," అంది రేవణి అతని చెవి దగ్గర. "పట్టుకోకండి. నా మాట వినండి. నేను పీలుస్తున్నాను, మీరూ పీల్చండి. నేను వదులుతున్నాను, మీరూ వదలండి. ఇంకేం చెయ్యకండి."

అతను మొండికేశాడు. ఆమె మొండితనం ముందు అదెంత? చాలాసేపటికి అతని ఛాతీ ఆమె లెక్కకు కదిలింది, తీగలు ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. నేల మీద కూలబడి దగ్గుతూ, "ఈ విషయం నా రాజ్యంలో ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"ముందు రాజ్యం దక్కనివ్వండి," అంది రేవణి.

పౌర్ణమి నాటి ఉదయానికి వాళ్ళు శిలావతి పొలిమేర చేరారు. ఏటి ఒడ్డున తుంగచాపలు అల్లే కుటుంబం ఒకటి ఉంది, రేవణి తండ్రి దగ్గర కత్తులు చేయించుకునేవాళ్ళే. వాళ్ళు మారుమాట లేకుండా పాత బట్టలు, రెండు మోపుల చాపలు ఇచ్చారు. యువరాజు మొహానికి మసి పూసి, తలకు గుడ్డ చుట్టి, చాపల మోపు నెత్తికెత్తింది రేవణి. అతను కత్తిని ఆ చాపల మధ్య దాచుకున్నాడు.

నగరం వాకిట్లో వచ్చేపోయే ప్రతివాడి ఛాతీ మీదా బంటు ఒకడు చెయ్యి పెట్టి చూస్తున్నాడు. గుండె దడదడలాడినవాణ్ణి పక్కకు లాగుతున్నారు. రేవణి వంతు వచ్చింది. ఆ చల్లని చెయ్యి ఛాతీ మీద పడినప్పుడు ఆమెకు భయం వేసింది. వేసిందని తెలుసుకుంది, ఊపిరి దారిన ఊపిరిని పోనిచ్చింది. వెనక యువరాజు ఆమె ఊపిరి లెక్కనే పట్టుకుని ఆ చెయ్యి దాటాడు.

"ఏం చాపలివి?" అన్నాడు పక్కనున్న అధికారి. వాడు బంటు కాదు, మాంత్రికుడి ఉప్పు తినే మామూలు మనిషి.

"తుంగచాపలయ్యా. కూర్చోడానికి కాదు, పడుకోడానికే."

వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇద్దర్నీ పొమ్మన్నాడు.

సింహద్వారం ముందున్న మైదానం ఇసక వేస్తే రాలనంత జనంతో కిటకిటలాడుతోంది. నెత్తిన ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎత్తైన వేదిక మీద రత్నాల సింహాసనంలో రాజుగారు కొయ్యబొమ్మలా కూర్చున్నారు. ఆ పక్కన పులితోలు ఆసనం మీద ఘూర్ణాక్షుడు. కింద అర్ధచంద్రాకారంలో వెయ్యిమంది ఊపిరిబంట్లు. లేచే ఛాతీలు, దిగే ఛాతీలు. ఆ చప్పుడు సముద్రపు హోరులా ఉంది. నడుమ రాతి దిమ్మ పక్కన గొలుసులతో ధమ్మిల థేరి నిలబడి ఉంది.

మాంత్రికుడు లేచాడు. "ముసలిదానా, ఈ ప్రజలందరి ముందు ఒక్క మాట పలుకు. నా ఊపిరి నాది కాదు, నా ప్రభువుది అను. ప్రాణభిక్ష పెడతాను."

"నా ఊపిరి నాది కాదన్నది నిజమే నాయనా," అంది థేరి. గొంతు పెద్దది కాదు, అయినా వినిపించింది. "నీదీ కాదు. వస్తుంది, పోతుంది. పోయేదానికి నువ్వు ఇంత కాపలా ఎందుకు కాస్తున్నావో నాకు అర్థం కావడం లేదు."

జనంలో ఎక్కడో ఒక నవ్వు పుట్టి అణగిపోయింది. ఘూర్ణాక్షుడి కళ్ళు గిరగిర తిరిగాయి. తలారికి సైగ చేశాడు.

అంతవరకు ఓర్చుకున్న జయంతసేనుడు చాపల మోపు విసిరికొట్టి, కత్తి దూసి, సింహంలా వేదిక మీదికి లంఘించాడు. అడ్డొచ్చిన ఇద్దరు బంట్లను నేలకూల్చాడు. మూడు మెట్లు, నాలుగు మెట్లు. మాంత్రికుడి గుండెకు గురిచూసి, దెబ్బ వెయ్యబోతూ ఊపిరి బిగబట్టాడు. ఆ బిగబట్టిన క్షణంలోనే నల్లశంఖం మోగింది.

యువరాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కళ్ళలో వెలుగు ఆరిపోయింది. అతని ఛాతీ వెయ్యి ఛాతీలతో పాటు లేచింది, దిగింది.

"యువరాజు తనంతట తానే వచ్చాడు," అన్నాడు ఘూర్ణాక్షుడు. "తలారి పని అతనే చేస్తాడు. రాకుమారా, ఆ ముసలిదాని తల తీసుకురా."

జయంతసేనుడు మెట్లు దిగి థేరి వైపు నడిచాడు. రేవణి జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. అతనికీ థేరికీ నడుమ వెళ్ళి ఆగింది. ఆమె చేతిలో ఆయుధం లేదు, చంకలో ఒక తుంగచాప ఉంది. దాన్ని పరిచింది. దాని మీద కూర్చుని, వెన్ను నిలిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మైదానం మొత్తం కొయ్యబారిపోయింది. శాసనం వెలువడ్డాక అలా కూర్చున్నవాళ్ళను ఎవరూ చూడలేదు.

యువరాజు కత్తి ఆమె మెడ మీద ఆనింది. "ఆగు," అన్నాడు మాంత్రికుడు. "నరికితే ఏం లాభం? ఇంతమంది ఎదుట దీని ఊపిరి నాకు కావాలి." శంఖం పూరించాడు.

ఆ నాదం రేవణి ఎముకల్లోకి దిగింది. పారిపో అని కాళ్ళు అన్నాయి, బిగబట్టుకో అని ఛాతీ అంది. ఆమె ఎవరి మాటా వినలేదు, ఎవరినీ కసరలేదు. భయం ఉంది. ఉండనీ. ఊపిరి లోపలికి వస్తోంది, అది వణుకుతోంది. వణుకుతూ వస్తోందని తెలుసు. బయటికి పోతోంది, పోతోందని తెలుసు. మెడ మీద ఇనుము చల్లగా ఉంది. అదీ తెలుసు. శంఖం వచ్చి తడిమింది, పట్టుకోవడానికి ఏ కొసా దొరకలేదు.

రెండోసారి ఊదాడు. మూడోసారి ఊదాడు. రేవణి కూర్చునే ఉంది.

జనం ముందువరసలో మజ్జిగ అమ్ముకునే మంగసాని ఉంది. ఆమె కొడుకులిద్దరూ బంట్లలోనే ఉన్నారు. ఆమె నెత్తి మీది కుండ దింపి, కొంగు సర్దుకుని, నేల మీద చతికిలబడి కళ్ళు మూసుకుంది. పక్కనున్న సాలెవాడు ఆమెను చూశాడు, మాంత్రికుణ్ణి చూశాడు, తనూ కూర్చున్నాడు. వాళ్ళకు విద్య రాదు, లెక్కలు తెలియవు. కూర్చోవద్దన్నారు కాబట్టి కూర్చున్నారు. పదిమంది వందయ్యారు, వంద వేయి అయ్యారు. గాలికి వరిచేను వాలినట్టు మైదానం ఆ చివరి దాకా జనం కూర్చున్నారు.

ఘూర్ణాక్షుడు వెర్రెత్తినట్టు ఊదాడు. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. ఊది ఊది చివరికి అతనికే ఊపిరి అందలేదు. శంఖం పెదవుల నుంచి తీసి రొప్పాడు. ఆ కాసేపు బంట్లకు పీల్చమని చెప్పేవాడు లేడు.

వరస చివర నిలబడ్డ కేశన మొహం నీలమైంది. పెదవులు వణికాయి. అప్పుడు ఎవరూ చెప్పకుండా, తనంతట తాను ఒక గుక్క గాలి పీల్చాడు. దగ్గాడు. కళ్ళు నలుపుకుని చుట్టూ చూశాడు. మెడ మీద కత్తితో కూర్చున్న చెల్లెలు కనిపించింది.

"రేవణీ," అన్నాడు బొంగురు గొంతుతో, "ఇక్కడేం చేస్తున్నావే?"

"కూర్చున్నానన్నా," అంది కళ్ళు తెరవకుండా.

కేశన పక్కవాడు పీల్చాడు, ఆ పక్కవాడు పీల్చాడు. సముద్రపు హోరు చెదిరి వెయ్యి వేరు వేరు దగ్గులయింది. ఈటెలు చేతుల్లోంచి జారాయి. మంగసాని కొడుకులు తల్లిని వెతుక్కుంటూ పరుగెత్తారు. సింహాసనం మీది రాజుగారు తల రెండు చేతులా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.

కాని జయంతసేనుడి కళ్ళలో వెలుగు రాలేదు. అతని ఊపిరి శంఖానికి కొత్తగా చిక్కింది, ముడి ఇంకా తాజాగా ఉంది. ఘూర్ణాక్షుడు ఒక్క గెంతులో కిందికి దూకి అతని చెయ్యి పట్టుకుని, మడమతో నేలను తన్నాడు. రాతి దిమ్మ భళ్ళున రెండుగా చీలింది. చీలికలో నల్లని మెట్లు పాతాళం వైపు దిగుతున్నాయి. ఇద్దరూ అందులోకి మాయమయ్యారు. దిమ్మ చెక్కలు రెండూ మెల్లగా మళ్ళీ దగ్గరవుతున్నాయి.

కేశన థేరి గొలుసులు విప్పుతున్నాడు. రేవణి లేచి చీలిక అంచున నిలబడింది.

"అవ్వా, నేను వెళ్ళాలి."

"వెళ్ళు బిడ్డా. చంపడానికి మాత్రం వెళ్ళకు."

రేవణి చీలిక లోపలికి తొంగిచూసింది. "మాట ఇవ్వలేనవ్వా."

"అబద్ధం చెప్పలేదు, అది చాలు," అంది థేరి. "పద, మూసుకుపోతోంది."

రేవణి దూకింది. తల మీద రాళ్ళు రెండూ గుభీమని కలిశాయి. కటిక చీకటి. గోడ తడుముకుంటూ మెట్లు దిగింది. వంద, రెండు వందలు. కింద ఎక్కడో ఆకుపచ్చని వెలుగు. చివరి మెట్టు దిగేసరికి ఆమె కాళ్ళు నీళ్ళలో పడ్డాయి. ఎదుట భూమి కడుపులో ఒక సముద్రం. అలల మీద పాచిలా వెలిగే పురుగులు, పైన వేలాడే స్ఫటికపు కొమ్ములు, ఒడ్డు పొడుగునా గుట్టలు గుట్టలుగా నల్లశంఖాలు. వేలు కాదు, లక్షలు. ఒక్క శంఖం ఒక్క రాజ్యాన్ని ఏడాది పాటు గుప్పిట పట్టింది. ఇన్ని శంఖాలు ఎన్ని రాజ్యాల కోసమో.

అప్పుడే నల్ల తెరచాపల ఓడ ఒకటి ఒడ్డు విడిచింది. దాని వెనక భాగంలో ఘూర్ణాక్షుడి జడలు గాలికి ఎగురుతున్నాయి. లంగరు తాడు ఇంకా పూర్తిగా పైకి లాగలేదు, నీళ్ళలో ఈడ్చుకుపోతోంది. రేవణి కొంగు బిగించి నీళ్ళలోకి ఉరికింది. కాళ్ళ కింద ఏదో పెద్ద శరీరం నున్నగా కదిలి పక్కకు తప్పుకుంది. ఆమె ఆగలేదు. పది బారలు ఈది తాడు కొస అందుకుని, చేతి మీద చెయ్యి వేస్తూ ఎక్కసాగింది. విరిగిన పక్కటెముక లోపల కొరకంచులా మండుతోంది.

సగం ఎక్కేసరికి పైన ఓడ అంచు మీది నుంచి ఎవరో తొంగిచూశారు. జయంతసేనుడు. అతని చేతిలో కత్తి ఉంది.

"రాకుమారా, నేను రేవణిని," అంది ఆమె.

కత్తి లేచి తాడు మీద పడింది. మూడు పేటల తాడులో ఒక పేట తెగి గిరగిర విడిపోయింది. రేవణి పైకి చూస్తూ ఇంకో చెయ్యి వేసింది.